చింతపండుతో తోమిన తుపాకీ

మొన్న ఎన్నికలు ప్రకటించిన వారంలో కళ్లజోడు మార్పించుకోవటానికి చిలకలూరిపేట వెళ్లాను. హైవే పక్కన మిల్లుల ముందు పత్తి లారీలు బారులు తీరి ఉండటంతో నేనెక్కిన ఆటో ముందుకు కదలలేదు. పక్కన ఆగిన మోటారుసైకిలు మీద, వెనక కూర్చున్న పెద్దాయన ఒళ్లో గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి ఉంది. గోనె చిరుగులోంచి ఇనుప మూతి కనపడుతోంది. స్టేషన్లో అప్పగించటానికి తీసుకెళ్తున్నాడని చూడగానే తెలిసిపోయింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో జమ చెయ్యాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. మా చిన్నప్పటి నుంచీ ఉన్న పద్ధతే. ఆ ఇనుప మూతి తళతళా మెరుస్తోంది. నాకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఎండకనుకుని ఆటో అతను నీళ్ల సీసా ఇచ్చాడు. అలా మెరిసిన తుపాకీ మూలాన మా నాన్న జైలుకు వెళ్లాడనీ, దాన్ని మెరిపించింది నేనేననీ అతనికి ఏమని చెప్పను?

మా నాన్న బ్రహ్మయ్య కమ్మరి. పేట నుంచి కొండ వైపు వెళ్లే రోడ్డు మీద మా పల్లె. వీధి వైపు కొలిమి, వెనక ఇల్లు, మధ్యలో తాటాకు తడిక. కొడవళ్లూ పలుగులూ నాగటి కర్రులూ ఏ కమ్మరైనా చేస్తాడు. మా నాన్న చేతిలో ఇంకో పని ఉండేది. పెళ్లి కాకముందు ఆయన మద్రాసులో ఒక తుపాకుల షాపులో కొన్నేళ్లు పనిచేశాడు. ఆ పనితనంతో, సర్కారు ఇచ్చిన లైసెన్సుతో, చుట్టుపక్కల రైతుల తుపాకులు బాగుచేసేవాడు. ఆ లైసెన్సు కాగితాన్ని అద్దం కట్టించి కొలిమి గోడకు తగిలించాడు. పొగకు అద్దం నల్లబడేది, రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడవటం నా వంతు. కొండ కింది చేలల్లోకి అడవి పందులు దిగి జొన్న విరిచేసేవి, వేరుశనగ పెళ్లగించేవి. అందుకని కొందరు రైతుల ఇళ్లలో, మూతిలోంచి మందు కూరే పాతకాలపు ఒంటిగొట్టం తుపాకులు ఉండేవి. వాటితో పందిని కొట్టిందేమీ లేదు, చప్పుడు చేసి తోలటమే. ఆ చప్పుడికి మా కుక్క మంచం కింద దూరి మర్నాటిదాకా బయటికొచ్చేది కాదు.

మాఘమాసం వస్తే ఊరి చుట్టూ మిరపకాయల కల్లాలే. ఆ ఘాటుకి ఊరంతా తుమ్ముతూ నిద్ర లేచేది. మా ఇంట్లో దానికి తోడు బొగ్గు పొగ, గొట్టాలకు రాసే కొబ్బరినూనె, కాలిన తుపాకీ మందు వాసన. ఆ మందు మురికిని వేణ్నీళ్లతో కడుగుతుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది. మా అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకొని, "నీ తుపాకులు తగలెయ్య, అన్నం సయించదయ్యా" అని రోజూ అనేది, ఆయన రోజూ నవ్వేవాడు. నాయనమ్మకి ఆ వాసన తెలిసేది కాదు. దవడలో ఎప్పుడూ పొగాకు ముక్క ఉండేది. ఆవిడకి ఒకటే పట్టింపు, మా కొలిమిలోంచి ఏ పనిముట్టూ తోమకుండా గడప దాటకూడదు. కొడవలికి బూడిద చాలు. పరాయి ఊరు వెళ్లేదానికీ, గుడికో సర్కారుకో చేరేదానికీ మాత్రం చింతపండు పట్టించాల్సిందే. పులుసు పిండగా మిగిలిన పిప్పిని అమ్మ దొడ్లో ఒక ముంతలో దాచేది. దాని పక్కనే దంచి జల్లించిన ఇటుక పొడి. మా ఇంటి ఇత్తడి బిందెల మీద తాతయ్య పేరు చెక్కించి ఉండేది. "తోమేకొద్దీ అక్షరం తేలుద్ది చూడవే మణీ" అనేది నాయనమ్మ. నిజంగానే తేలేది. నాకు ఆ మాట మనసులో పాతుకుపోయింది.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు నాకు బళ్లో రాలేదు, తుపాకుల మీద వచ్చాయి. అవీ ఓ అరడజను మాత్రమే. మధ్యాహ్నం భోజనమయ్యాక నాన్న కొలిమి ముందు తుంగచాప వేసుకొని, బాగుచెయ్యటానికి వచ్చిన తుపాకీ ఏదైనా ఉంటే ఒళ్లో పెట్టుకునేవాడు. గొట్టాన్నీ కర్రనూ కలిపి పట్టే చిన్న ఇనుప చీలను సుత్తితో మెల్లగా తట్టి తీసేవాడు. గొట్టం ఎత్తి బోర్లా తిప్పితే, మందు కాలే చోట, కర్రలో దాగి ఉండే వైపు, గోరంత ముద్రలు ఉండేవి. ముందు కళ్లు మూసుకోమనేవాడు. నా వేలు పట్టుకొని వాటి మీద రాయించేవాడు.

"ఏం తగిలింది అమ్మడూ?"

"కిరీటం."

"దాని కింద?"

"కత్తెరలా రెండు కర్రలు."

"కర్రలు కాదే, రాజదండాలు. ఇంగ్లండులో తుపాకుల్ని పరీక్ష చేసే ఇళ్లు రెండున్నాయి. ఒకటి లండన్లో, ఒకటి బర్మింగ్‌హామ్‌లో. కొత్త గొట్టాన్ని అక్కడ పెట్టి, మామూలుగా పోసేదానికన్నా బాగా ఎక్కువ మందు కూరి పేలుస్తారు."

"పగిలిపోతే?"

"పాత ఇనుములోకి పోద్ది. నిలబడితే కిరీటం కొడతారు. అది లేకుండా అక్కడ ఎవడూ తుపాకీ అమ్మటానికి లేదు."

కిరీటం కింద జి, పి అక్షరాలు తీగల్లా అల్లుకొని ఉంటే లండను. దండాల సందుల్లో బి, పి, సి ఉంటే పాత బర్మింగ్‌హామ్. అలాంటిదే పక్కన వి అక్షరంతో ఉంటే, పేల్చటమే కాక కంటితో కూడా చూసి ఒప్పుకున్నారని. ఆ దండాల ముద్ర పందొమ్మిదివందల నాలుగు దాకా కొట్టారు. ఆ తర్వాత దండాలు పోయాయి, కిరీటం కింద ఉత్త అక్షరాలే మిగిలాయి. పొగరాని మందుకు కూడా తట్టుకున్న గొట్టానికి ఎన్, పి. ఒకసారి నరసరావుపేట వైపు నుంచి వచ్చిన జోడుగొట్టం మీద ఇంగ్లీషులో ఏవో మూడు మాటలుంటే, 'ఇందులో గుండు వెయ్యొద్దు' అని అర్థం చెప్పాడు. మూతి సన్నం చేసిన గొట్టాల మీద పదీ పన్నెండేళ్లు మాత్రమే అలా కొట్టారట, తర్వాత ఆ మాటలు మార్చేశారట. ఆ మూడు మాటలు చూసి తుపాకీ వయసు చెప్పేస్తే, తెచ్చినాయన నోరు తెరుచుకొని నిలబడిపోయాడు. గుర్రానికి పళ్లు చూసినట్టు మా నాన్న తుపాకీకి ముద్ర చూసేవాడు. నాటు తుపాకీకి మాత్రం ముద్ర ఉండదు, ఎప్పుడు మొహం మీద పగులుతుందో తెలియదు. "నీటి గొట్టంతో ఒకటి చేసిపెట్టు బ్రహ్మయ్యా" అని ఎవరైనా అడిగితే, "చేస్తాలే, ముందు నీ ఇంట్లోవాళ్లనడిగిరా, నీ మొహం వాళ్లకి అక్కర్లేదేమో కనుక్కో" అనేవాడు. ఒక్కటి కూడా చెయ్యలేదు. అదే ఆయన గర్వం.

నాకు పదమూడేళ్లున్నప్పుడు ఇలాగే ఎన్నికలొచ్చాయి. సాంబయ్య బాబాయి, మాకు చుట్టం కాదుగానీ నాన్నకి ఈడువాడు, తన తుపాకీ తెచ్చి కొలిమిలో పెట్టాడు. వానాకాలమంతా అటక మీద పడి ఉండి గొట్టం ఎర్రగా తుప్పెక్కింది. "ఏరా బ్రహ్మయ్యా, దీన్ని చూస్తే స్టేషనోళ్లు పారెయ్యమంటారేమోరా" అన్నాడు. "నిన్ను పారెయ్యమంటారు, దాన్ని కాదు. మా తాతల నాటి బర్మింగ్‌హామ్‌రా అది" అన్నాడు నాన్న. నూనె పట్టించి ఇస్తానన్నాడు. ఆ మర్నాడే మార్టూరులో మా నాన్న మేనమామ పోయినట్టు కబురొచ్చింది. నాన్న అటు వెళ్లాడు. రెండో రోజు సాంబయ్య బాబాయి వచ్చి, రేపే ఆఖరు రోజు, ఎలాగున్నా తీసుకెళ్తానన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "తుప్పు మొహంతో సర్కారు గడప తొక్కుద్దా? పొద్దున్నే రా, తోమి ఉంచుతాం" అంది. ఆవిడ ఉద్దేశం పైపైన రుద్దమనే. ఆ పని నాకు చెప్పింది.

నేను పైపైన ఆగలేదు. నాన్న లేకుండా తుపాకీ విప్పకూడదని తెలుసు. అయినా చీల తట్టి తీశాను, గొట్టం ఎత్తాను. ముద్రలుండే చోట తుప్పు అట్టలు కట్టి ఉంది. అక్కడ ముద్రలుంటాయని నాకు తెలియక కాదు. తెలుసు కాబట్టే తోమాను. బిందె మీద తాతయ్య పేరు తేలినట్టు కిరీటాలు తేలతాయని, స్టేషన్లో వాళ్లు చూసి ఇది ఎవరి కొలిమి పనితనం అని అడుగుతారని అనుకున్నాను. చింతపండు పిప్పి మందంగా పట్టించి తడిగుడ్డ చుట్టి ఉంచాను. గుడ్డ విప్పి ఇటుక పొడితో రుద్దాను. ఇంకా నల్ల మచ్చలుంటే గరుకు కాగితం తీసుకున్నాను. అదీ చాలదనిపించి, నాన్న ఇనుము అరగదీసే ఆకురాయి తీసి లాగాను. మూడోసారి లాగేటప్పటికి తెల్లటి ఇనుము మీద కిరీటం పై చుక్కలు రెండు కనపడ్డాయి. కింద ఏమీ లేదు. పక్కన వి అక్షరంతో రెండో ముద్ర ఉండాల్సిన చోట కూడా ఏమీ లేదు. ఇత్తడి మీద పేరు లోతుగా చెక్కుతారు, ఈ ముద్రలు ఎన్నో ఏళ్ల అరుగుదలతో అప్పటికే కాగితమంత లోతు ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. నున్నగా, చల్లగా, పలక తుడిచేసినట్టుంది. గబగబా గొట్టం కర్రలో పెట్టేసి చీల కొట్టేశాను. పొద్దున్నే సాంబయ్య బాబాయి వచ్చి, "పెళ్లికొడుకులా తయారుచేశావే పిల్లా" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి తీసుకెళ్లాడు.

సాయంత్రం నాన్న వచ్చాడు. నాయనమ్మ గొప్పగా చెప్పింది. కాళ్లు కడుక్కుంటున్నవాడు చెంబు దించి నా వైపు చూశాడు. "కర్ర ఊడదీశావా అమ్మడూ?" "లేదు నాన్నా, పైపైనే." "నిజం చెప్పు, తిట్టను." "లేదు." ఆయన నమ్మాడు. ఆయన నన్ను ఎప్పుడూ నమ్మేవాడు. ఆ పూట నేను నిజం చెప్పి ఉంటే మర్నాడే స్టేషనుకెళ్లి, సంగతిది అని చెప్పుకునేవాడు, ఏదో ఒక దారి ఉండేది. ఆ ఒక్క 'లేదు' నా నోట్లోంచి వచ్చాక ఇక దారుల్లేవు.

నాలుగోరోజు జీపు వచ్చింది. కొత్తగా వచ్చిన ఎస్సై ఒక్కో తుపాకీనీ లైసెన్సు పుస్తకంతో పోల్చి చూశాడట. సాంబయ్య బాబాయి పుస్తకంలో, ఇంగ్లీషు తయారీ, కర్ర కింద బర్మింగ్‌హామ్ ముద్రలు రెండు అని రాసి ఉంది. విప్పి చూస్తే ఒక్కటీ లేదు. అసలు తుపాకీని కొండల్లో దాక్కున్నవాళ్లెవరికో ఇచ్చేసి, దాని చోట బ్రహ్మయ్య చేత నాటు తుపాకీ చేయించి తెచ్చాడని వాళ్ల అనుమానం. ఇద్దరినీ తీసుకెళ్లారు. వీధిలో జనం చూస్తుండగా నాన్న కొలిమిలో నిప్పు మీద నీళ్లు చల్లి, చేతులు తుడుచుకొని, జీపెక్కాడు. "ముద్రలున్నాయి సార్, నా కళ్లతో చూశాను, ఈ వేళ్లతో చూశాను" అంటూనే ఉన్నాడు. జీపు మలుపు తిరిగేదాకా ఆ మాటే వినపడింది.

మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగిందిగానీ ఎవరూ తిన్నది లేదు. నాయనమ్మ దవడలో పొగాకు లేదు. ఆవిడని అలా చూడటం అదే మొదలు. వీధిలో ఆడవాళ్లు మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్లు. అమ్మ కల్లంలో మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చొని చెప్పేశాను. అమ్మ చేతిలో కాయలు కిందపడ్డాయి. మిరప ఘాటున్న చేత్తోనే నా చెంప మీద కొట్టింది. మంట పుట్టింది. నేను ఏడుస్తుంటే, తను కూడా ఏడుస్తూ, అదే చేత్తో నా మొహం తుడవబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది. "లే, పద" అంది. అంతే.

స్టేషన్లో నాన్న గోడవారగా నేలమీద కూర్చొని ఉన్నాడు. గడ్డం పెరిగింది. సాంబయ్య బాబాయి మోకాళ్ల మధ్య తల పెట్టుకొని ఉన్నాడు. బల్ల మీద ఆ గొట్టం, దాని ముందు గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయనొకరు ఉన్నారు. పోలీసు తుపాకులు బాగుచేసే ఆయనట, ఉంగరాల వేళ్లతో గొట్టాన్ని తిప్పుతున్నారు. నేను ఎస్సై బల్ల ముందు నిలబడి, "నేనే తోమానండి, ఆకురాయితో, మా నాన్నకు తెలీదు" అన్నాను. వెనకనుంచి నాన్న లేచాడు. నా మొహంలోకి ఒక్కసారి చూశాడు. అన్నీ అర్థమైపోయాయి ఆయనకి.

"అది పిచ్చిది సార్. నన్ను విడిపించటానికి అబద్ధం చెబుతోంది. తోమింది నేనే" అన్నాడు.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "మొన్నటిదాకా ముద్రలున్నాయన్నావు, ఇవాళ నువ్వే తీసేశానంటున్నావు. ఏదయ్యా నిజం?"

"భయపడి చెప్పలేదు సార్. తుప్పు తీస్తుంటే పోయాయి. నా చెయ్యే."

"నాన్నా!"

"నోర్ముయ్!" అని అరిచాడు. పుట్టిందగ్గర్నుంచీ నా మీద ఆయన అరిచింది ఆ ఒక్కసారే. అమ్మ నా భుజం పట్టుకొని వెనక్కి లాగింది. ఆడపిల్ల పేరు స్టేషను కాగితం మీదికి ఎక్కకూడదని ఆయన భయం. ఆ భయం అమ్మకీ అర్థమైంది. నాకే అర్థం కాలేదు.

గుంటూరు పెద్దాయన ఇదంతా విననట్టే తన పని చేసుకుంటున్నారు. రెండో ముద్ర ఉండాల్సిన చోటును అద్దంలా నున్నగా చేసి, దూది ఉండను ఆసిడ్‌లో ముంచి దాని మీద అద్దసాగారు. "ముద్ర కొట్టిన దెబ్బ పైపైన ఆగదు సార్, లోపలి ఇనుముకీ తగులుద్ది. పైన అరగదీసినా లోపల కొంత గుర్తుంటుంది" అన్నారు. అద్దుతూనే ఉన్నారు. చూస్తుండగా తెల్లటి ఇనుము మీద నీడలా ఏదో లేచింది. ఆయన తల ఎత్తి నాన్నని పిలిచి, "ఏముందో చదువు" అన్నారు. నాన్న కళ్లలో నీళ్లు నిండి ఆనలేదో, కావాలనే చదవలేదో, నాకు తెలియదు. నేను ఆగలేకపోయాను. "కిరీటం, దాని కింద రాజదండాలు, మధ్యలో వి" అన్నాను. "దానిపక్కన రెండు చుక్కలున్నాయే, అక్కడే బి, పి, సి ఉండాలండి. పందొమ్మిదివందల నాలుగు కంటే ముందుది." పెద్దాయన దూది పక్కన పెట్టి నన్ను చూశారు. తర్వాత ఎస్సైతో, "తుపాకీ అసలుదే సార్. నాటుది కాదు. ఇక ముద్ర అరగదీసిన చెయ్యి ఎవరిదంటే, ఈ పిల్ల చెప్పింది కూడా..." అని ఆగారు. ఎస్సై, "పెద్దవాడు ఒప్పుకున్నాడు కదండీ" అన్నాడు. గొట్టం మీద నీడ మళ్లీ మాయమైపోయింది.

సాంబయ్య బాబాయిని ఆ సాయంత్రమే పంపించారు. నాన్నని పంపలేదు. తుపాకీ మీది గుర్తు చెరపటం నేరం. నాటు తుపాకీ నింద పోయిందిగానీ, అది వచ్చిన చోటే ఇంకోటి వచ్చి కూర్చుంది. మిరపకోతలప్పుడు వెళ్లినవాడు పత్తి గింజలు వేసే రోజుల్లో ఇంటికొచ్చాడు. గోడమీది కాగితం అప్పటికే తీసుకెళ్లిపోయారు. అద్దం మాత్రం మిగిలింది. నేను అలవాటుకొద్దీ కొన్నాళ్లు దాన్ని తుడిచాను. ఊళ్లో ఎవరికీ కొత్తమాట ఎక్కలేదు, పాతదే నిలబడింది: నాటు తుపాకీ బ్రహ్మయ్య. సాంబయ్య బాబాయి కొడవళ్లు కూడా పక్క ఊరికి పంపించేవాడు. ఎదురుపడితే నాన్నే తల తిప్పుకునేవాడు, ఆయన సిగ్గుపడకుండా ఉండటానికి. నేను తోమింది నేనేనని ఎవరికి చెప్పినా అమ్మ, "మీ నాన్న పడ్డదంతా నీళ్లల్లో పోస్తావా?" అనేది. అలా నా నోరు మూతపడింది. తప్పు చేసినదాని మీద ఒక్క ముద్రా పడలేదు, చెయ్యనివాడి మీద పడింది. అది ఏ ఆకురాయికీ పోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ స్టీలు సామానే, సబ్బునీళ్లతో కడిగేస్తారు. ఈమధ్య నా మనవరాలు ఫోనులో వెతికి ఆ ముద్రలన్నీ చూపించింది. లండనువీ, బర్మింగ్‌హామ్‌వీ, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏది కొట్టారో అన్నీ వరసగా ఉన్నాయి. పందొమ్మిదివందల నాలుగు అన్నమాట నిజం. గుండు వెయ్యొద్దన్నదీ నిజం. మా నాన్న చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు లేదు. "మీ నాన్నగారు ఇదంతా ఎక్కడ చదువుకున్నారు నానమ్మా?" అంది. చదువుకోలేదు తల్లీ, వేళ్లతో నేర్చుకున్నాడు అన్నాను. అప్పుడు ఆ వేళ్ల మాట నమ్మటానికి ఎవరూ లేరు. ఇప్పుడు ఫోను మాట అందరూ నమ్ముతారు. ఇది అప్పుడుంటే బాగుండేదని అంటుంది ఆ పిల్ల. ఉన్నా అంతే. ముద్రలు లేని గొట్టాన్ని ఫోను మాత్రం ఏం చదువుతుంది? చదవాల్సింది నా మొహం. దాన్ని చదివినవాడు ఒక్కడే, చదివీ తన మీద వేసుకున్నాడు.

నాన్న తిరిగొచ్చిన ఏడాదికి, ఎవరో తెలియని రైతు ఒకాయన తుపాకీ పట్టుకొని మా గుమ్మంలోకి వచ్చాడు. కొత్తగా కొందామనుకుంటున్నాడట, ఎప్పటిదో చూసి చెప్పమన్నాడు. బాగుచెయ్యటం కాదు, చూడటమే కాబట్టి నాన్న కూర్చోమన్నాడు. చీల తీసి గొట్టం బోర్లా తిప్పి, ఒక్క క్షణం దాని మీద చెయ్యి వేసి, నా వైపు జరిపాడు. "నా కళ్లకి ఆనటం లేదండి. మా అమ్మాయి చూస్తుంది" అన్నాడు. ఆయన కళ్లు సూదిలో దారం ఎక్కించే కళ్లు. నేను తడిక దగ్గర నిలబడి ఉన్నాను. ఆ రైతు, "ఆడపిల్లా!" అని నవ్వాడు. "చూడమ్మడూ" అన్నాడు నాన్న. వెళ్లి వేలు పెట్టాను. తగిలింది. ఏమిటో నా వేలికి తెలిసింది. నోరు పెగల్లేదు. నాన్న నా మొహంలోకి చూస్తూ ఎదురుచూశాడు. ఆ రైతు మంచినీళ్లు తాగాడు, బీడీ కాల్చాడు, ఇక లాభం లేదనుకొని గుంటూరులో చూపించుకుంటానని గోనె చుట్టుకొని లేచాడు. నేను అక్కడే ఉన్నాను, వేలు ఇంకా గాలిలో చాచి. నాన్న తుంగచాప దులిపి చుట్టాడు.

"పర్లేదులే అమ్మడూ, ఇంకోటి వస్తుంది కదా, అప్పుడు చెబుదువుగానీ" అన్నాడు.

ఆయన బతికినన్నాళ్లూ ఇంకోటి రాలేదు.